సున్నం పడిన కన్ను, లింబస్ మూలకణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కంటి కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను, డాక్టర్‌ని కాదు. అయినా చుట్టాలు, స్నేహితులు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఎప్పుడూ ఇవే. కన్ను ఎందుకు తెల్లబడింది, నేత్రదానం కన్ను పెడితే పోదా, మంచి కంటిని ముట్టుకుంటారట నిజమేనా అని. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందులు, ఆపరేషన్ సంగతి మాత్రం మీ కార్నియా డాక్టరే తేల్చాలి.

## ప్రమాదం జరిగిన రోజు

పిల్లాడి కంట్లో సున్నం పడింది. ముందు ఆస్పత్రికి పరిగెత్తాలా, కడగాలా?

ముందు కడగాలి. కుళాయో బిందో వాటర్ బాటిలో, ఏ శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉంటే అవే. రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని అరగంట పాటు ధారగా పోయండి. పిల్లాడు గింజుకుంటాడు, ఏడుస్తాడు, ఇద్దరు పట్టుకోవాల్సి వస్తుంది. అయినా ఆపకండి. తడి సున్నం పీహెచ్ 12 దాటి ఉంటుంది, కణాలు చచ్చిపోయేది నిమిషాల్లోనే. ఊళ్లో ఆటో దొరికి, టౌన్‌కు చేరి, ఓపీ చీటీ తీసుకునేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

కడిగాక వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ పై రెప్పను తిరగేసి చూశారో లేదో గమనించండి. పెసరగింజంత సున్నం ముద్ద రెప్ప లోపలి మడతలో ఇరుక్కుని ఉండిపోతుంది. పైకి కన్ను శుభ్రంగానే కనబడుతుంది, లోపల అది గంటల తరబడి కాలుస్తూనే ఉంటుంది. దూదిపుల్లతో దాన్ని తీసి, మళ్లీ కడిగి, లిట్మస్ కాగితం కంటికి ఆనించి పీహెచ్ 7 దగ్గరికి వచ్చిందని తేలాకే ఆపుతారు.

చనుబాలు పోయమని ఒకరు, ఆముదం వేయమని ఒకరు, నిమ్మరసంతో విరిగిపోతుందని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయాలి?

ఏదీ వద్దు. నూనె, నెయ్యి సున్నాన్ని కడిగి బయటకు పంపలేవు. చనుబాలు నాలుగు చుక్కలు వేసి ఊరుకుంటే కడగాల్సిన సమయం వృథా అవుతుంది. నిమ్మరసం అన్నిటికన్నా ప్రమాదం. క్షారంతో ఆమ్లం కలిస్తే వేడి పుడుతుంది, పైగా కాలిన కంటి మీద ఆమ్లం పోసినట్టవుతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్లు ప్రేమతోనే ఇస్తారు, గొడవ పెట్టుకోవద్దు. చేతిలో ఉన్న నీళ్లు మాత్రం ఆపకండి.

యాసిడ్ కంటే సున్నం ప్రమాదమా? నమ్మబుద్ధి కావడం లేదు.

చాలా సందర్భాల్లో అవును. ఆమ్లం తగిలిన చోట ప్రొటీన్లు గడ్డకట్టి పొరలా ఏర్పడతాయి, ఆ పొర కొంతవరకు ఆమ్లాన్ని లోపలికి పోనివ్వదు. క్షారం అలా ఆగదు. కణాల చుట్టూ ఉండే పొర కొవ్వుతో అయినది. క్షారం ఆ కొవ్వును సబ్బుగా మార్చేస్తుంది, కణం పగిలిపోతుంది, దారి తెరుచుకుంటుంది, ఇంకా లోపలికి దిగుతుంది. కాస్టిక్ సోడా, అమ్మోనియా సున్నం కంటే కూడా వేగంగా లోతుకు పోతాయి. సున్నంతో ఇబ్బంది ఏమిటంటే ముద్దగా అంటుకుని వదలదు. అలాగని బ్యాటరీ యాసిడ్ పడితే తేలిగ్గా తీసుకోకండి, దానికీ ఇదే అరగంట నీళ్లు.

మా ఇంట్లో ఎవరూ కిళ్లీ వేసుకోరు. పిల్లలకు సున్నం ఎక్కడ దొరుకుతుంది?

రోడ్డు మీద. ఖైనీతో కలుపుకోవడానికి అమ్మే చిన్న ప్లాస్టిక్ సున్నం ప్యాకెట్లు, ట్యూబులు వాడి పారేస్తారు, పిల్లలు ఏరుకుని నొక్కుతారు. అది ఫట్‌మని పేలి సూటిగా కంట్లో పడుతుంది. ఢిల్లీ కంటి వైద్యులు 2003లోనే లాన్సెట్ పత్రికలో దీని గురించి హెచ్చరించారు. వెల్లవేయడం, గోడ కట్టడం లాంటి పనుల్లో పెద్దవాళ్లకూ జరుగుతుంది. చవకైన ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు, కానీ పెట్టుకునేవాళ్లు కనబడరు.

## కన్ను తెల్లబడ్డాక

పువ్వు పడిందన్నారు. శుక్లం లాంటిదేనా ఇది?

కాదు. శుక్లం కంటి లోపలి లెన్స్‌లో వస్తుంది, లెన్స్ మారిస్తే చూపు వస్తుంది. పువ్వు కంటి ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద పడే మచ్చ. చికిత్స పూర్తిగా వేరు.

అందరూ లింబస్, లింబస్ అంటున్నారు. అది కంట్లో ఎక్కడుంటుంది?

అద్దంలో చూసుకోండి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట గుండ్రటి అంచు కనబడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ వలయమే లింబస్.

కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరే. దాని పైపొరలో ఐదు నుంచి ఏడు వరుసల కణాలుంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ పైనున్న కణాలు కొన్ని రాలుతుంటాయి, వారం పది రోజుల్లో పైపొర మొత్తం కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలు వచ్చేది లింబస్ నుంచే. కార్నియా పొలమైతే లింబస్ దాని నారుమడి. అక్కడి అడుగు వరుసలో మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఉంటాయి. ఇవి అరుదుగా విభజన చెందుతాయి. పుట్టిన రెండింటిలో ఒకటి మూలకణంగానే ఉండిపోతే రెండోది వేగంగా పెరుగుతూ కార్నియా మధ్యకు జరుగుతుంది. సున్నం ఆ వలయాన్ని కాల్చేస్తే కొత్త కణాల సరఫరా ఆగిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది కణాలు, వాటితోపాటు జిగురు తయారుచేసే గాబ్లెట్ కణాలు, కార్నియా మీదికి పాకి ఖాళీని ఆక్రమిస్తాయి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మానినట్టే మాని మళ్లీ పుండు పడటం, అన్నిటికీ మూలం ఇదే.

మూలకణాలు అక్కడే ఉన్నాయని ఎలా తెలిసింది?

ఒక్కసారిగా తెలియలేదు. 1971లో దవాంగర్, ఎవెన్‌సెన్ అనే ఇద్దరు గాయం మానేటప్పుడు నల్లటి వర్ణకం అంచు నుంచి లోపలికి జరుగుతోందని గమనించి, కార్నియా కణాల పుట్టిల్లు లింబస్ కావచ్చన్నారు. 1983లో థాఫ్ట్, ఫ్రెండ్ దీనికి లెక్క కట్టారు. అడుగు నుంచి పుట్టేవి, అంచు నుంచి వచ్చేవి కలిపితే రాలిపోయేవాటికి సమానం కావాలని వాళ్ల ప్రతిపాదన. అసలు మలుపు 1986. కార్నియా కణాలన్నిటిలో ఉండే కె3 అనే కెరాటిన్ ప్రొటీన్ లింబస్ అడుగు వరుసలో మాత్రం లేదని న్యూయార్క్‌లో టుంగ్-టియెన్ సన్ బృందం చూపించింది. ఆ కణాలు ఇంకా ఎదగని దశలో ఉన్నాయన్నమాట. 1989లో అదే బృందం ఎలుకల కళ్లలో కణాలకు గుర్తు పెట్టి చూసింది. వేగంగా విభజన చెందే కణాల్లో గుర్తు పలచబడి పోయింది, లింబస్‌లోని కొన్నిటిలో మాత్రం నిలిచిపోయింది. నాకైతే ఈ మొత్తం కథలో కె3 ప్రయోగమే ఎక్కువ ఇష్టం. లేనిదాన్ని చూసి ఉన్నదాన్ని పట్టుకున్నారు.

నల్లగుడ్డు మీదికి ఎర్రటి నరాలు పాకాయి. ఎందుకు?

అవి రక్తనాళాలు. మామూలు కార్నియాలో ఒక్క రక్తనాళం కూడా ఉండదు, ఆక్సిజన్ గాలి నుంచి కన్నీటి ద్వారా అందుతుంది. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ కార్నియాలోనూ ఉంటుంది. మరి అవి ఎందుకు పెరగవు? ఆ ప్రొటీన్‌ను పట్టి కట్టిపడేసే ఒక కరిగే గ్రాహకాన్ని కార్నియా తయారుచేస్తుందని బాలమురళి అంబటి, జయకృష్ణ అంబటి తదితరులు 2006లో నేచర్ పత్రికలో చూపించారు. అదే పరిశోధనలో ఓ తమాషా సంగతి బయటపడింది. మెనటీ అనే నీటి జంతువు కార్నియాలో పుట్టుకతోనే రక్తనాళాలు ఉంటాయి, దాని కార్నియాలో ఈ గ్రాహకం లేదు. సున్నం కాల్చిన కంట్లో వాపు వల్ల వీఈజీఎఫ్ పెరుగుతుంది, లింబస్ అడ్డుగోడ కూలిపోతుంది, తెల్లగుడ్డు రక్తనాళాలకు దారి దొరుకుతుంది.

పుండు మానింది కదా, తెలుపు ఎందుకు పోవడం లేదు?

తెలుపు పైపొర కింద ఉంది కాబట్టి. కార్నియా మందంలో ఎక్కువ భాగం కొలాజెన్ పోగులే. అవన్నీ ఒకే సన్నంగా, ఒకదానికొకటి సమాన దూరంలో ఉంటాయి, అందుకే కాంతి చెదరకుండా దాటిపోతుంది. గాయంతో పైపొర అడుగున ఉండే పలుచని పొర తెగితే టీజీఎఫ్-బీటా అనే సంకేతం కిందికి దిగుతుంది. అక్కడ ప్రశాంతంగా ఉండే కెరాటోసైట్ కణాలు దాంతో మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి అడ్డదిడ్డంగా కొలాజెన్ పోస్తాయి. గాయం మూసుకుంటుంది, పారదర్శకత పోతుంది. చర్మం మీదైతే అది మచ్చ, అంతే. కంట్లో అదే చూపు పోవడం.

నేత్రదానంలో వచ్చిన కార్నియా పెడితే సరిపోతుంది కదా?

లింబస్ బతికి ఉంటే సరిపోవచ్చు. పూర్తిగా పోతే కార్నియా ఒక్కటీ నిలవదు. మామూలుగా అతికించేది దాత కార్నియా మధ్య ముక్క, అందులో లింబస్ ఉండదు. దాని మీదున్న దాత కణాలు రాలిపోయాక కొత్తవి పంపేవాళ్లు లేరు. మళ్లీ పుండు, మళ్లీ రక్తనాళాలు, చివరికి ఆ కార్నియా కూడా తెల్లబడుతుంది.

ప్రపంచంలో మనిషికి చేసిన మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి కూడా సున్నంతో కాలిన కంటికే జరిగింది. 1905 డిసెంబర్‌లో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టర్ ఒక కూలీ రెండు కళ్లకూ చేశారు. ఒక్క కంట్లోనే నిలిచింది. ఆపరేషన్ చేసింది ఒకే డాక్టర్ అయినా ఫలితం కన్నుకూ కన్నుకూ ఎలా మారిపోతుందో దీన్నిబట్టి చూడొచ్చు.

## పరీక్షలు, ఎదురుచూపు

లింబస్ పోయిందని ఎలా తేలుస్తారు?

ఎక్కువగా స్లిట్ ల్యాంప్, అంటే కంటి డాక్టర్ మీ కన్ను పెద్దదిగా చూసే లైటు మైక్రోస్కోప్, ముందే తేలిపోతుంది. ఫ్లోరెసిన్ అనే రంగు వేసి నీలి కాంతిలో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న కార్నియా రంగు పట్టదు. తెల్లగుడ్డు కణాలు ఆక్రమించిన చోట రంగు లోపలికి ఇంకి పచ్చగా మెరుస్తుంది, ఒక్కోసారి సుడి తిరిగిన గీతలుగా కూడా. అనుమానం ఉంటే చిన్న ఫిల్టర్ కాగితం కంటి మీద ఆనించి తీస్తారు, దానికి అంటుకున్న కణాలను మైక్రోస్కోప్ కింద చూస్తారు. కార్నియా మీద నుంచి తీసిన కాగితంలో ఉబ్బిన గాబ్లెట్ కణాలు కనబడ్డాయంటే ఇక సందేహం లేదు. వలయాన్ని గడియారంలా 12 భాగాలు చేసి ఎన్ని గంటల మేర పోయిందో రాసుకుంటారు. మూడు గంటల మేర పోతే ఒక కథ, పన్నెండూ పోతే ఇంకో కథ.

ప్రమాదం జరిగి నెల దాటింది. ఆపరేషన్ ఎందుకు చేయడం లేదు? ఆలస్యమైతే పాడవదా?

ఈ టెన్షన్ అందరికీ ఉంటుంది. కానీ వాపు తగ్గని కంట్లో మూలకణాలు పెడితే అవీ చచ్చిపోతాయి. మొదటి వారాల్లో పని వేరే ఉంటుంది: డాక్టర్ చూస్తుండగా స్టెరాయిడ్ చుక్కలు, విటమిన్ సి, అవసరమైతే మాయ పొరతో (కాన్పులో వచ్చే మాయ నుంచి తీసిన పలుచని పొర) కన్ను కప్పడం. ఎరుపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. ఈలోగా రెప్ప కంటికి అతుక్కుని ఉంటే విడదీయాలి, కంటి ప్రెజర్ చూడాలి, కన్నీళ్లు సరిపడా ఉన్నాయో కొలవాలి. ఎడారిలా పొడిబారిన కంట్లో ఏ కణం నిలవదు. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి వాడితే గ్లకోమా (కంటి ప్రెజర్ పెరిగి కంటి నరం దెబ్బతినడం) రావచ్చు. అలా పోయిన చూపు తిరిగి రాదు.

## ఆపరేషన్

స్లెట్ అంటే ఏమిటి? ఏం చేస్తారు?

మంచి కంటి లింబస్ మూలకణాలను పాడైన కంటికి మార్చే ఆపరేషన్ ఇది. బాగున్న కంటి లింబస్ నుంచి దాదాపు 2 మిల్లీమీటర్ల చదరపు ముక్క తీస్తారు. పాడైన కంటి మీద పాకిన పొరను గీకి తీసేసి, దాని మీద మాయ పొర పరిచి ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. ఆ చిన్న ముక్కను మళ్లీ ఓ పదీ పదిహేను నలుసులుగా కోసి, కంటిపాప ఎదుట చోటు వదిలి, చుట్టూ పేరుస్తారు. పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్. అంతే, కుట్లు కూడా పెద్దగా ఉండవు.

రోజులు గడిచేకొద్దీ ప్రతి నలుసు చుట్టూ కొత్త కణాలు వలయంగా పెరుగుతాయి, పక్క నలుసు వలయంతో కలిసిపోతాయి. రెండు మూడు వారాల్లో ఉపరితలం కప్పుకుంటుంది. ఈ పద్ధతిని హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వీరేందర్ సాంగ్వాన్, సాయన్ బసు తదితరులు రూపొందించి 2012లో ప్రచురించారు. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. అందుకే ఇవాళ చాలా దేశాల్లో చేస్తున్నారు.

ల్యాబ్‌లో కణాలు పెంచి పెట్టే పద్ధతి ఇంకా మంచిది కదా?

ల్యాబ్‌లో పనిచేసే నేను అవునని చెప్పాలి, కానీ అంత తేడా కనబడదు. ఆ పద్ధతికి దారి వేసింది ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికేలె డి లూకా. 1997లో ఇద్దరు రోగులకు, వాళ్ల మంచి కంటి నుంచి చిటికెడు కణాలు తీసి పెంచి పెట్టారు. దాని మీదే వచ్చిన హోలోక్లార్‌కు 2015లో యూరప్ అనుమతి దొరికింది. అక్కడ అనుమతి పొందిన మొదటి మూలకణ ఔషధం అదే.

అయితే వాళ్ల పరిశోధన నేర్పిన పెద్ద పాఠం వేరే ఉంది. 2010లో 112 మంది ఫలితాలు ప్రచురించారు. పెట్టిన కణాల్లో, మూలకణాలకు గుర్తుగా చూసే పీ63 అనే ప్రొటీన్ బాగా వెలిగే కణాలు 3 శాతం దాటితే 78 శాతం మందిలో కన్ను నిలిచింది. 3 శాతం, అంతకన్నా తక్కువైతే 11 శాతం మందిలోనే. లక్షల కణాలు పెట్టినా వాటిలో అసలైన మూలకణాలు లేకపోతే వృథా. ల్యాబ్ పద్ధతిలో ఆ లెక్క ముందే చూసుకోవచ్చు, కానీ ఖర్చు, శుభ్రమైన గదులు, రెండు వారాల పైన ఎదురుచూపు తప్పవు. స్లెట్‌లో కంటినే ల్యాబ్‌గా వాడుకుంటారు.

మంచి కంటి నుంచి తీస్తే అది కూడా పోతుందేమో?

ఉన్న ఒక్క కన్నును ముట్టుకుంటామంటే భయం వేయడం సహజమే. 1989లో కెన్యన్, సెంగ్ మొదలుపెట్టిన పాత పద్ధతిలో పెద్ద ముక్కలు తీసేవారు, అందుకే డాక్టర్లకూ జంకు ఉండేది. స్లెట్‌కు తీసేది గడియారంలో ఒక గంట కన్నా తక్కువ మేర. చుట్టుపక్కల కణాలు ఆ చోటును ఒకటి రెండు వారాల్లో కప్పేస్తాయి. ముందుగా ఆ కన్ను నిజంగా బాగుందో లేదో జాగ్రత్తగా పరీక్షించాలి. ప్రమాదంలో దానిమీద కూడా కొంచెం చింది ఉంటే లెక్క మారుతుంది.

మాయ పొర అంటే ఎవరిదో పెడతారా? జబ్బులు రావా?

సిజేరియన్ కాన్పు అయిన తల్లి అనుమతితో మాయ నుంచి తీసిన పలుచని పొర అది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేసి, గడ్డకట్టించి భద్రపరుస్తారు. వాపు తగ్గిస్తుంది, కణాలు పాకడానికి పరుపులా ఉంటుంది, కొన్ని వారాల్లో కరిగిపోతుంది. శరీరం దాన్ని తిరస్కరించడం చాలా అరుదు.

సక్సెస్ రేటు ఎంత?

స్లెట్ చేసిన 125 కళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. వాటిలో 76 శాతం కళ్లలో, సగటున ఏడాదిన్నర తర్వాత కూడా కార్నియా ఉపరితలం నిలకడగా ఉంది. రోగుల్లో దాదాపు సగం మంది పిల్లలే. ఇక్కడ సక్సెస్ అంటే పైపొర నిలవడం, పేపర్ చదవగలగడం కాదు. డాక్టర్‌ని అడిగేటప్పుడు రెండూ విడివిడిగా అడగండి.

రెండు కళ్లూ కాలిపోయాయి. ఇక దారి లేదా?

ఉంది, కానీ కష్టమైన దారి. రక్తసంబంధీకుల నుంచో నేత్రదానం కంటి నుంచో లింబస్ పెట్టొచ్చు, అయితే శరీరం తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడాలి. ఆ మందులకు కిడ్నీ, లివర్ పరీక్షలు తప్పనిసరి. సొంత నోటి లోపలి పొర నుంచి కణాలు పెంచి పెట్టే పద్ధతిని జపాన్‌లో కోజి నిషిదా బృందం 2004లో ప్రచురించింది. ఇంకేదీ కుదరనప్పుడు కృత్రిమ కార్నియా. ఒసాకాలో అదే నిషిదా బృందం 2019లో ఐపీఎస్ కణాల (మామూలు కణాలను ల్యాబ్‌లో వెనక్కి మార్చి మూలకణాల్లా చేసినవి) నుంచి తయారుచేసిన కార్నియా పొరను మొదటిసారి పెట్టింది. నలుగురి ఫలితాలు 2024లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆశాజనకంగానే ఉన్నాయి, నలుగురే అని గుర్తుంచుకోండి.

మందు పడక ఒళ్లంతా బొబ్బలొచ్చి కళ్లు ఇలా అయ్యాయి. మాకూ స్లెట్ చేస్తారా?

స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అయితే సాధారణంగా చేయరు. అందులో రెండు కళ్లూ దెబ్బతింటాయి, కన్నీళ్లు ఎండిపోతాయి, రెప్ప అంచు గరుకై ప్రతి రెప్పపాటుకూ కార్నియాను గీకుతుంది. ముందు రెప్ప అంచు సరిచేయడం, కన్నీటిని పట్టి ఉంచే స్క్లీరల్ లెన్స్ పెట్టడం మీద దృష్టి పెడతారు.

## ఆ తర్వాత

ఆపరేషన్ బాగా అయిందన్నారు. చూపు మాత్రం రాలేదేం?

స్లెట్ సరిచేసేది పైపొరను. కింది మచ్చ అలాగే ఉంటే తర్వాత కార్నియా మార్పిడి అవసరం కావచ్చు. ఇప్పుడు లింబస్ ఉంది కాబట్టి అది నిలిచే అవకాశం ఎక్కువ. పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎనిమిదేళ్లలోపు ఒక కన్ను చాలాకాలం మూతపడినట్టే ఉంటే మెదడు దాన్ని వాడటం మానేస్తుంది. కార్నియా స్పష్టంగా ఉన్నా అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి వాడించాలి. పిల్లలు ప్యాచ్ పీకేస్తారు, అమ్మమ్మలు జాలిపడి తీసేస్తారు. ఈ దశలోనే చాలా కళ్లు చేజారిపోతున్నాయి.

పాప పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తం దాచాం. కంటికి వాడొచ్చా?

దానిలోని మూలకణాలు రక్తాన్ని తయారుచేసేవి. కార్నియా పైపొరను అవి తయారుచేయవు.

ఒక క్లినిక్‌లో కంటికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు, లక్షల్లో ఖర్చు. వెళ్లమంటారా?

వద్దు. ఏ కణాలు, ఎక్కడి నుంచి తీస్తారు, కంట్లో ఎక్కడ పెడతారు, ఎన్నేళ్ల ఫలితాలు ప్రచురించారు అని అడగండి. కడుపు కొవ్వు నుంచి తీసిన కణాలతో కళ్లు, మోకాళ్లు, మధుమేహం అన్నీ నయం చేస్తామంటే లేచి వచ్చేయండి. పరిశోధన దశలో ఉన్నదైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి, నైతిక కమిటీ అనుమతి చూపించాలి, ఆ చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

మచ్చనే పోగొట్టే కణాలు వస్తున్నాయట, నిజమేనా?

పరిశోధన నడుస్తోంది. లింబస్‌లో పైపొర మూలకణాల కిందే ఇంకో రకం మూలకణాలున్నాయి, ఇవి కార్నియా మధ్య పొరకు చెందినవి. పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ ఫండర్‌బర్గ్, హైదరాబాద్ నుంచి సాయన్ బసు తదితరులు మనుషుల లింబస్ నుంచి ఈ కణాలు తీసి, గాయమైన ఎలుకల కార్నియా మీద పెట్టారు. మచ్చ పడాల్సిన చోట కొలాజెన్ మళ్లీ క్రమంగా అమరిందని 2014లో ప్రచురించారు. హైదరాబాద్‌లో మనుషుల మీద కూడా ప్రయత్నాలు మొదలయ్యాయి. మామూలు చికిత్సగా ఇంకా రాలేదు. దీనికోసం ఆగుదామని ఇప్పుడు చేయించాల్సిన స్లెట్‌నో పిల్లల ప్యాచ్‌నో వాయిదా వేయకండి.